సుభాషిణి, ఎంసీల్ పెట్టిన సిస్టమ్

సుభాషిణికి ముక్కు మీద కోపమని సూరత్ బమ్రోలిలో ఆమెను ఎరిగినవాళ్లంతా అంటారు. ఆ మాట తప్పు. ముక్కు మీదిదైతే ఒక్క తుమ్ముతో పోయేది. ఆమె కోపం కడుపులోది, తిన్నా పడుకున్నా అక్కడే ఉంటుంది. ఒకసారి పాండేసరా చౌరస్తాలో ఎక్కించుకున్న ఆటోవాడు "బమ్రోలి లోపలికి రాను, దిగు" అంటే ఆమె దిగలేదు. వాడు బతిమిలాడాడు, తిట్టాడు, చివరికి ఆటో ఆపేసి చాయ్ తాగి వచ్చాడు. ఆమె సంచి ఒళ్లో పెట్టుకుని వెనక సీట్లో అట్లాగే కూర్చుని ఉంది. వాడు దండం పెట్టి ఇంటి ముందు దింపి పోయాడు. పెళ్లి పీటల మీద, నొసట బాసికంతో ఉన్నప్పుడే, పప్పులో ఉప్పు లేదని లొల్లి చేస్తున్న మగపెళ్లివారి పెద్దమనిషికి "ఉప్పు ఇస్తరాకుల ఏసిండ్రు, కండ్లు తెరిసి చూసుకో" అని జవాబిచ్చింది. పక్కన కూర్చున్న పెళ్లికొడుకు పరమేశ్ ఆ రోజు దించిన తల ఇంకా ఎత్తలేదని అతని దోస్తులు ఎగతాళి చేస్తారు. పాపం, నోట్లో నాలుక లేని మనిషి. కడోదరాలో మగ్గాలు నడుపుతాడు, ఇంటికొచ్చి పెట్టింది తింటాడు.

అయితే ఒకటి చెప్పుకోవాలి. ఆ కోపం ఎన్నడూ ఊరికే రాలేదు. ఎవరో ఒకరు వచ్చి కెలికితేనే వచ్చింది. కెలికినవాళ్లు మాత్రం తమ వేలు దాచుకుని, మంట గురించే ఊరంతా చెప్పుకున్నారు.

ఆమె తండ్రి లస్మయ్య సిరిసిల్ల దిక్కు పల్లె నుంచి మగ్గం పని మీద సూరత్ వచ్చినవాడు. ఆమె పుట్టి పెరిగింది, హిందీ బడిలో చదివింది ఇక్కడే. బడి అయ్యాక డిజైనింగ్ నేర్చుకుని హస్ముఖ్ సేఠ్ కార్ఖానాలో చేరింది. పెళ్లయినా, తండ్రి పోయినా, తల్లి గంగవ్వను తన దగ్గరికి తెచ్చుకున్నా ఆ కుర్చీ వదల్లేదు. పాండేసరాలో చీరల అంచులు నేసే జకార్డు మగ్గాల కార్ఖానా అది. అంచు మీద వచ్చే తీగైనా, మొగ్గైనా, ఏనుగుల వరసైనా ముందు ఆమె కంప్యూటర్ మీద గళ్లలో చుక్క చుక్కగా గీస్తుంది. గీసింది ఒక తీగ గుండా మగ్గాలకు పోతుంది, మగ్గాలు నేస్తాయి. ఆ కంప్యూటర్‌ను అక్కడ అందరూ సిస్టమ్ అంటారు. అది ఉన్నది హాలు మూలన అద్దాల గదిలో. ఏసీ చెడిపోయి ఏళ్లయింది, బాగు చేయించే దిక్కు లేదు. అందుకని తలుపు ఎప్పుడూ బార్లా తెరిచే ఉంటుంది, మగ్గాల మోతంతా లోపలే ఉంటుంది.

సేఠ్ చెడ్డవాడని అనడానికి లేదు. చెవుల మనిషి, అంతే. ఎవరు చివర మాట్లాడితే వాళ్ల మాట వింటాడు. చివర మాట్లాడేది ఎప్పుడూ అతని మేనల్లుడు చేతన్. ఎక్కడో కంప్యూటర్ కోర్సు సగం చదివి వచ్చి మామ పక్కన కుర్చీ వేసుకున్నాడు. అతనికొక అలవాటు. కంప్యూటర్ ముందు కూర్చుంటే టైప్ చేసే ప్రతి ముక్కా పైకి చదువుతాడు, పంతులు మంత్రం చదివినట్టు. తెరమీద ఏం వచ్చినా "నెక్స్ట్, నెక్స్ట్, ఓకే" అని నొక్కుకుంటూ పోతాడు. ఏం రాసుందో చూసే పని పెట్టుకోడు.

ఒకనాడు రింగ్‌రోడ్డు మార్కెట్‌లో వేరే కొట్టులో తమ అంచు ఉన్న చీర వేలాడుతూ కనపడింది సేఠ్‌కి. ఆ అంచు సుభాషిణి గీసిందే. సేఠ్ గుండెలు బాదుకుంటూ వచ్చాడు. "పెన్ డ్రైవ్‌లో పోయింది మామా" అని చేతన్ అన్నాడు. అంతే. అడగలేదు, చూడలేదు. మధ్యాహ్నం అన్నం తిని వచ్చేసరికి చేతన్ కింద కూర్చుని, పైపులు కారితే పెడతారు చూడండి, ఆ ఎంసీల్ ముద్దలు రెండూ కలిపి పిసుకుతున్నాడు. పిసికి సిస్టమ్‌కు ఉన్న పెన్ డ్రైవ్ కన్నాలన్నింట్లో, ముందూ వెనకా, వేలితో కుక్కాడు. కీబోర్డు, మౌస్ తీగలు దూరిన చోట కూడా మెత్తాడు, వాటిని పీకి వేరేది పెడతారేమోనని. సీడీ పెట్టే అర పీకేశాడు. ఇంటర్నెట్ తీసేశాడు. డబ్బా ఎవరూ విప్పకుండా మరల మీద కూడా మెత్తాడు. అన్నిటికన్నా గొప్ప పని చివర చేశాడు. సుభాషిణి ఏళ్లుగా డిజైన్లన్నింటికీ ఇంకో డిస్క్‌లో కాపీ పెట్టుకుంటూ వస్తే, అది తుడిచేశాడు. రెండో కాపీ ఉంటే దొంగకు రెండో దారి ఉన్నట్టేనట.

"ఎలుకలు చొరబడ్డయని ఇల్లు కాలబెట్టుకున్నట్టున్నది మీ కథ" అంది సుభాషిణి. సేఠ్‌తో, చేతన్‌తో ఆమె మాటలన్నీ హిందీలోనే. కానీ కోపం ముదిరితే తెలుగే వస్తుంది. "రేపు ఈ సిస్టమ్ పడిపోతే ఎట్ల లేపుతవ్? దాని నోట్ల ఏం పెడుతవ్?"

చేతన్‌కు తెలుగు రాదు. నవ్వి చేతులు కడుక్కోవడానికి పోయాడు.

ఆ రోజు నుంచి గేటు దగ్గర ఆమె సంచి వెతకడం మొదలైంది. ఇంకెవరిదీ కాదు, ఆమెదొక్కదానిదే. కాపలావాడు ఒకనాడు టిఫిన్ డబ్బా మూత తీసి వంగి చూశాడు. "పప్పుల పెన్ డ్రైవ్ దేవులాడుతున్నవా? దేవులాడు. జర కలుపుకొని తిని మరీ చూడు" అని డబ్బా వాడి ముఖం ముందుకు తోసింది. వాడు మళ్లీ మూత తీయలేదు. కానీ సంచి చూడటం మానలేదు, సేఠ్ హుకుం మరి. రోజూ ఆ గేటు దగ్గర నిలబడి, వెనక మగ్గాలు నడిపే కారీగర్లు చూస్తుండగా, సంచి తెరిచి పట్టుకోవాలి. అరికాలి మంట నెత్తికెక్కేది ఆమెకు.

అప్పటికీ ఓర్చుకుంది. ఓర్చుకుందంటే నమ్మరు గానీ, నిజంగానే ఓర్చుకుంది. అన్నేళ్లు చుక్క చుక్కగా గీసిన అంచులు ఆ పెట్టెలో ఉన్నాయి.

దసరా ముందర ఇంకో అంచు మార్కెట్‌లో కనపడింది. సేఠ్ వస్తూ వస్తూనే గోడ దగ్గరికి పోయి మెయిన్ స్విచ్ కిందికి లాగాడు. మగ్గాలన్నీ ఒక్కసారి ఆగాయి. ఆ హాలులో అంత నిశ్శబ్దం ఎవరూ ఎరగరు. కారీగర్లు ఎక్కడివాళ్లక్కడ నిలబడిపోయారు. అందులో సగంమంది తెలుగువాళ్లు, బమ్రోలిలో ఆమె సందులోనే ఉండేవాళ్లు. సేఠ్ అద్దాల గది వైపు వేలు చూపించి గట్టిగా అరిచాడు.

"అందరూ వినండి. మీ అన్నం గిన్నెకు కన్నం పెట్టింది ఈమె! కన్నాలన్నీ మూస్తే ఫోన్‌లో ఫొటోలు తీసి అమ్ముకుంది. చోర్! ఇంట్లోనే దొంగ!"

సుభాషిణి ఒంటికాలి మీద లేచింది.

"చీర బజార్ల అమ్ముతున్నరు గద సేఠ్‌జీ! ఎవడన్న ఒక్క చీర కొంటడు, అద్దం పెట్టి పోగులు లెక్కపెట్టుకుంటడు, తెల్లారేసరికి గీసుకుంటడు. దానికి సిస్టమ్ ఎందుకు, నేనెందుకు? గంత భయమున్నోడివి చీరలకు పెట్టు ఎంసీల్! అంచుకంత మెత్తు! కట్టుకునే ఆడోళ్లను కూడ గేటు కాడ దేవులాడు!"

ఇదంతా తెలుగులోనే వచ్చింది. కారీగర్లలో ఒక ముసలాయన కిసుక్కున నవ్వి, వెంటనే దగ్గుగా మార్చుకున్నాడు. సేఠ్‌కి అర్థం కాలేదు. అర్థమైనా ఆ క్షణంలో వినేవాడు కాదు. ఆమె వెనక్కి తిరిగి సిస్టమ్ వైపు చూసింది. తెర నల్లగా ఉంది. కరెంటు పోతే నిలబెట్టే బ్యాటరీ చచ్చిందని, మార్చమని ఆమె చెబుతూనే ఉంది. ఏసీ సంగతే పట్టనివాళ్లకు బ్యాటరీ ఏం పడుతుంది? మెయిన్ లాగినప్పుడు సిస్టమ్ ఏదో తనలో తాను సర్దుకునే పనిలో ఉంది. ఆ పని మధ్యలోనే పీక నొక్కినట్టయింది. మళ్లీ స్విచ్ వేస్తే కంపెనీ బొమ్మ వచ్చింది, పోయింది, వచ్చింది, పోయింది. ఇక లేవలేదు.

ఆమె టిఫిన్ డబ్బా తీసుకుని, గేటు దగ్గర సంచి తెరవకుండా, ఎవడాపుతాడో చూద్దామన్నట్టు నడిచి వెళ్లిపోయింది.

సాయంత్రానికి ఆ మాట బమ్రోలి అంతా పాకింది. నల్లా దగ్గర పక్కింటి సమ్మక్క బిందె ఎత్తుకుంటూ "నిప్పు లేంది పొగ వస్తదా" అందట. ఊరి నుంచి గంగవ్వకు ఫోన్ చేసి "మీ బిడ్డ సేఠ్ ఇంట్ల ఏదో చేసిందట గద" అని అడిగినవాళ్లున్నారు. మంచి సంగతి అయితే ఊరికి చేరడానికి ఏడాది పట్టేది. ఇది మాత్రం చెప్పులేసుకుని పరుగెత్తింది. పరమేశ్ ఇంటికొచ్చి, ఆమె ముఖం చూసి, తిన్న పళ్లెం తానే కడుక్కున్నాడు. సుభాషిణికి ఏడుపు వచ్చింది. ఏడుపు వచ్చినందుకు ఇంకా కోపం వచ్చింది.

కార్ఖానాలో సిస్టమ్ పడిపోవడంతో కొత్త అంచులు ఆగిపోయాయి. పెళ్లిళ్ల చీరల డిజైన్లన్నీ అందులోనే ఉన్నాయి, రెండో కాపీ లేదు. మెకానిక్ వచ్చాడు. వచ్చినవాడు వచ్చినట్టే జేబులోంచి పెన్ డ్రైవ్ తీశాడు. దాన్ని పట్టుకుని డబ్బా ముందు చూశాడు, వెనక చూశాడు, ఇదేమిటని అడిగాడు. విషయం చెప్పాక నవ్వు ఆపుకోలేక బయటికి పోయాడు. ఇంకొకడు డబ్బా పగలగొట్టి డిస్క్ దుకాణానికి తీసుకుపోతానన్నాడు. డిస్క్ గేటు దాటితే డిజైన్లు దాటినట్టేనని సేఠ్ ఒప్పుకోలేదు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు చేతన్ ఇంకో మాట పుట్టించాడు. పోయేముందు సుభాషిణియే ఏదో చేసి సిస్టమ్‌ని చంపిందట, తన దొంగతనం బయటపడకుండా.

ఆ మాట చెవిన పడ్డప్పుడు ఆమె రొట్టెలు చేస్తోంది. పిండి ముద్దను పెనం మీదికి విసిరింది. చెప్పులేసుకుని సంపత్ దుకాణానికి పోయింది.

సంపత్ బమ్రోలిలోనే కంప్యూటర్లు బాగుచేస్తాడు. ఏ పని చెప్పినా ముందు "కాదు" అని, తర్వాత ఆలోచించే మనిషి.

"కాదు చెల్లె. పెన్ డ్రైవ్‌కు జాగ లేదు, సీడీ లేదు, డబ్బ ఇప్పొద్దంటున్నరు. ఇంక ఎట్ల ఎక్కిస్తం?"

"అదే నిన్ను అడుగుతున్న గద అన్నా. ఆ డిజైన్లు పోతే నేనే చంపిన్నని ముద్ర పడుతది. దొంగ అన్నరు, ఇప్పుడు ఖూనీ కూడ నాదే అంటున్నరు."

సంపత్ తల గోక్కున్నాడు. "మగ్గాలకు పోయే తీగ ఉంటది గద. దాని కన్నం కూడ మూసిండా?"

"అది మూస్తే మగ్గాలకు కొత్త అంచు పోదు. గంత తెలివి ఉన్నది ఆయనకు."

"అయితే దొరికింది పో." సంపత్ ముందుకు వంగాడు. "పెన్ డ్రైవ్ చేసుడే అక్కెర లేదు. సిస్టమ్‌ను మళ్ల కొత్తగ ఎక్కించే ఇన్‌స్టాలర్ ఇంకో కంప్యూటర్ల పెట్టి, తీగ గుండ పంపియ్యొచ్చు. సిస్టమ్ లేసేటప్పుడు దానికి చెప్పాలె, నీ డిస్క్‌ల చూడకు, తీగల అడుగు అని. అది తీగలకెల్లి పిలుస్తది, ఎవరన్న ఉన్నరా అని. ఇవతల కంప్యూటర్ నేనున్న అని పలికి, కొంచెం కొంచెం పంపుతది. చేతుల ఏం ఉండది, లోపల ఏం పెట్టేది ఉండది."

"మరి గట్లనే చేద్దాం."

"జర ఆగు. ఎక్కించేటప్పుడు డిస్క్ మీద ఏ భాగంల ఎక్కియ్యాలె అని అడుగుతది. అక్కడ తప్పు నొక్కితే నీ డిజైన్లన్నీ తుడుసుకపోతయి. మళ్ల నన్ను అనొద్దు."

"డిజైన్లు పెద్ద భాగంల ఉన్నయి, పాత సిస్టమ్ చిన్న దాంట్ల. నాకు ఎరుకనే. నువ్వు రా."

గంగవ్వకు ఇది నచ్చలేదు. "దొంగ అన్నోని గడప మళ్ల తొక్కుతవా బిడ్డా? సూరత్‌ల సేఠ్‌లకు కరువా?"

"ఆడ అన్న మాట ఆడనే వాపస్ తీసుకోవాలె అవ్వా. లేకుంటే నేను ఏ కార్ఖానకు పోయినా అది నా ఎంబడే వస్తది. నాకంటే ముందే వస్తది."

సేఠ్‌కి ఆమే ఫోన్ చేసింది. సిస్టమ్ లేపుతాను, డిజైన్లు పోకుండా లేపుతాను. కానీ ఆ రోజు మెయిన్ ఆపి అందరి ముందూ ఏ మాట అన్నావో, మళ్లీ మెయిన్ ఆపి అందరి ముందూ అది తప్పని చెప్పాలి. సేఠ్ "ముందు పని కానీ సుభాషిణీబెన్, తర్వాత అన్నీ చూద్దాం" అన్నాడు. చూద్దాం కాదు, చెప్పాలి అని ఆమె అంది. "సరే, సరే, చెబుతాను" అని సేఠ్ ఫోన్ పెట్టేశాడు. రెండు సరేలు ఒకేసారి అన్నాడంటే ఒక్కటి కూడా నిజం కాదని ఇన్నేళ్లలో ఆమెకు తెలుసు.

పొద్దున్నే ఇద్దరూ పోయారు. గేటు దగ్గర సంపత్ జేబులు, ఆమె సంచి వెతికారు. ఏమీ లేదు, ఏమీ తేలేదు కాబట్టి. సంపత్ తన లాప్‌టాప్ తెస్తే డిజైన్లు అందులోకి దూకుతాయని చేతన్ అడ్డుపడ్డాడు. దాంతో ఆఫీసులో సేఠ్ సొంత లాప్‌టాప్‌లోనే ఇన్‌స్టాలర్ దింపుకున్నారు. సేఠ్ దాన్ని స్వయంగా రెండు చేతులతో ఎత్తుకుని హాలులోకి తెచ్చాడు, ఊరేగింపులో దేవుణ్ని తెచ్చినట్టు. మగ్గాలు తమలో ముందే ఎక్కి ఉన్న పాత డిజైన్ల మీద ఆడుతూనే ఉన్నాయి. ఆ మోతలో అందరూ అరిచి మాట్లాడుకోవాల్సిందే.

సంపత్ సిస్టమ్ వెనక నుంచి మగ్గాలకు పోయే తీగను లాప్‌టాప్‌కు తగిలించాడు. సిస్టమ్ ఆన్ చేసి, పైన వరసలోని ఒక మీట నొక్కి, తీగలో అడగమని చెప్పాడు. సిస్టమ్ అడిగింది. తెరమీద చుక్కలు ఒకదాని వెనక ఒకటి నడిచాయి. ఎవరూ పలకలేదు. ఇంకోసారి అడిగింది. పలకలేదు.

"చూశావా మామా? ఏదో చేసి పెట్టింది ముందే!" అని చేతన్ మొదలుపెట్టాడు.

సుభాషిణి డబ్బా వెనక్కి వంగి చూసింది. తీగ పెట్టిన చోట వెలగాల్సిన చిన్న దీపం వెలగలేదు. తీగ లాగింది. కన్నంలో అంతా మగ్గాల నూగు, ఏళ్ల నూగు, గట్టిపడి కూర్చుంది. ఇన్నాళ్లూ కదలకుండా ఉన్నప్పుడు ఎట్లాగో నడిచింది, తీగ కదిపేసరికి నూగు అడ్డం పడింది. గాజుకున్న పిన్నీసు తీసి మెల్లగా బయటికి లాగింది. "కన్నాలన్నీ మూసుడు తెలుసు, ఒక్కటి తుడుసుడు తెల్వది" అని ఆ నూగు ఉండ తెచ్చి చేతన్ ముందు బల్ల మీద పెట్టింది. తీగ మళ్లీ పెట్టగానే పచ్చ దీపం వెలిగింది.

ఈసారి సిస్టమ్ అడిగితే లాప్‌టాప్ పలికింది. తెర అంతా నీలమై, ఒక గీత ఎడమ నుంచి కుడికి నిండటం మొదలైంది. సేఠ్ కుర్చీ ముందుకు జరుపుకుని, ఎవరూ ఏమీ పెట్టకుండా డబ్బాలోకి ఏం వస్తోందని కళ్లద్దాలు తుడుచుకుని చూశాడు. సంపత్ చెప్పబోయి, ఆయన ముఖం చూసి మానుకున్నాడు.

ఇన్‌స్టాలర్ లేచింది. భాష ఏదని అడిగింది. అంతలో చేతన్ పక్క నుంచి చెయ్యి పెట్టాడు. "నెక్స్ట్" అని చదువుతూ నొక్కాడు. ఇంకో తెర వచ్చింది. "నెక్స్ట్". మూడో తెర మీద డిస్క్ భాగాలు వచ్చాయి, ఏ దాంట్లో ఎక్కించాలో చెప్పమని. అన్నిటికన్నా పైన, మొత్తం డిస్క్ తుడిచి ఎక్కించమంటారా అన్న మాట ముందే ఎంచి పెట్టి ఉంది. చేతన్ వేలు మళ్లీ లేచింది.

"నెక్స్..."

సుభాషిణి ఆ చేతి మీద ఫట్‌మని కొట్టింది. మగ్గాల మోతలో కూడా ఆ చప్పుడు వినపడింది. "చెయ్యి తియ్యి! తియ్యి అంటున్న! నా బతుకంత అండ్ల ఉన్నది, నీ నెక్స్ట్ పాడుగాను!"

చేతన్ చెయ్యి పట్టుకుని మామ వైపు చూశాడు. సంపత్ తెరమీది మాటను వేలితో చూపించి హిందీలో చదివి వినిపించాడు. సేఠ్ ముఖం తెల్లబోయింది. లేచి మేనల్లుణ్ని చొక్కా పట్టుకుని రెండడుగులు వెనక్కి జరిపాడు, ఏమీ అనకుండా. ఏదో ఒకటి అనొచ్చు కదా? ఆమెను అనడానికి మెయిన్ ఆపినవాడు, మేనల్లుణ్ని అనడానికి గొంతు కూడా సవరించుకోలేదు.

ఆమె కూర్చుంది. చిన్న భాగం ఎంచింది. మళ్లీ చూసింది. పెద్ద దానికి ఏమీ చెయ్యొద్దని ఉందా లేదా, సంపత్‌ను చదవమంది, తానూ చదివింది. అప్పుడు నొక్కింది. సేఠ్ ఫోన్ మోగితే మాట్లాడటానికి బయటికి పోయాడు, వెనకే చేతన్ పోయాడు. గీత నిండుతూ పోయింది. చివర్లో పేరు, పాస్‌వర్డ్ పెట్టమని అడిగింది. సంపత్ చూస్తుండగా ఆమె టైప్ చేసింది, రెండుసార్లు. తెరమీద పొడుగ్గా చుక్కల వరస వచ్చింది.

"ఇంత పొడుగు ఎందుకు చెల్లె?"

"యాది మరవద్దని."

సిస్టమ్ లేచింది. పెద్ద భాగం తెరిచింది. ఉన్నాయి. తీగలు, మొగ్గలు, ఏనుగులు, మొదటి ఏడాది గీసిన వంకర ఆకు కూడా ఉంది. ఆమె ఒకటొకటే తెరిచి చూసింది. సంపత్ అదే తీగ గుండా డిజైన్ సాఫ్ట్‌వేర్ ఎక్కించి, తీగను తిరిగి మగ్గాల వైపు తగిలించి, సిస్టమ్‌ని ఒకసారి ఆపి మళ్లీ లేపాడు. తెర పాస్‌వర్డ్ అడుగుతూ నిలబడింది. ఆమె కుర్చీ వదిలి ఆఫీసులో ఉన్న సేఠ్ దగ్గరికి పోయింది.

"అయింది సేఠ్‌జీ. అన్నీ ఉన్నయి. ఇగ మెయిన్ ఆపండి, చెప్పండి."

సేఠ్ ముఖం వెలిగిపోయింది. తర్వాత ఆ రెండో మాట చెవికెక్కి కాస్త ఆరింది. "అరే బెన్, అయిపోయిందేదో అయిపోయింది. నువ్వు దొంగవి కాదని నాకు తెలియదా? ఇదిగో చెబుతున్నా కదా."

"నాకు కాదు, వాళ్లకు చెప్పండి."

"ఒక్క మాట కోసం మగ్గాలన్నీ ఆపుతారా ఎవరైనా? ధంధా టైము." అల్మారా నుంచి ఒక చీర డబ్బా తీసి ఆమె చేతిలో పెట్టబోయాడు. ఆమె గీసిన అంచే ఉంది దాని మీద. "ఇది తీసుకో. అమ్మకు కట్టించు."

"ఆనాడు దొంగ అననీకి ఆపలేదా మగ్గాలు? అప్పుడు లేని ధంధా ఇప్పుడొచ్చిందా?"

సేఠ్ డబ్బాను బల్ల మీద పెట్టి, ఆమెను దాటుకుని హాలులోకి నడిచాడు. అతని ధ్యాసంతా పెళ్లి చీరల మీదే. కొత్త డిజైన్ ఎక్కించాలంటే మగ్గాలు ఆపాలి కదా. రెండు చేతులూ పైకెత్తి ఊపుతూ "బంద్ కరో! డిజైన్ వచ్చింది, కొత్త అంచు ఎక్కించాలి, బంద్ కరో!" అని అరిచాడు. మెయిన్ లాగాలని మాత్రం అనలేదు, అది నేర్చుకున్నాడు. కారీగర్లు ఒకరి తర్వాత ఒకరు మగ్గాలు ఆపారు. హాలు మెల్లగా నిశ్శబ్దమైంది. చేతులు తుడుచుకుంటూ అంతా అద్దాల గది తలుపు ముందుకు వచ్చి నిలబడ్డారు, సిస్టమ్ బతికిందో లేదో చూడటానికి. ముందు వరసలో ఆనాడు నవ్వి దగ్గిన ముసలాయన ఉన్నాడు.

అద్దాల గదికి తిరిగొచ్చిన సుభాషిణి ఆ నిశ్శబ్దాన్ని విన్నది. ఆమె కోసం ఆగని మగ్గాలు అంచు కోసం ఆగాయి. సరే. ఆగాయి కదా.

చేతన్ అప్పటికే కుర్చీలో కూర్చున్నాడు, అంతా తానే చేసినట్టు. తీగ ఎంసీల్‌లో ఇరుక్కున్న కీబోర్డును ముందుకు లాక్కుని, ఆమె వైపు చూడకుండానే అడిగాడు. "పాస్‌వర్డ్?"

"సుభాషిణి చోర్ నథీ" అంది ఆమె, సుభాషిణి దొంగ కాదని, గుజరాతీలో, నింపాదిగా. "అన్నీ ఇంగ్లీషు చిన్న అక్షరాలే. మధ్యలో ఖాళీ లేదు."

చేతన్ అలవాటు ఎక్కడికి పోతుంది? తల వంచి, మీటలు వెతుక్కుంటూ, పైకి చదువుతూ కొట్టాడు. "సు... భా... షి... ణి..." హాలంతా వింటోంది. "చోర్..." అక్కడికొచ్చి వేలు ఆగింది. తల ఎత్తి చూశాడు. తలుపు నిండా ముఖాలు. మామ ముఖం ఎర్రగా అయింది. తెరమీద సగం చుక్కలు, పక్కన గీత ఒకటి ఆరుతూ వెలుగుతూ ఎదురు చూస్తోంది.

"కొట్టు" అంది సుభాషిణి. "ఆడ ఆపితే తెరుసుకోదు."

చేతన్ మిగిలిన మీటలు కొట్టాడు. "నథీ" అన్నాడు, తనకు మాత్రమే వినపడేట్టు. సిస్టమ్ తెరుచుకుంది.

"ఇదేం పాస్‌వర్డ్!" సేఠ్ అరిచాడు. "మార్చు! ఇప్పుడే మార్చెయ్ దాన్ని చేతన్!"

"మార్చుకోండి సేఠ్‌జీ, నాకేం" అంది ఆమె. సంచి భుజానికి వేసుకుంది. కోపం ఏమీ తగ్గలేదు, గొంతు మాత్రం నిలకడగా ఉంది. "మార్చాలంటే ముందు పాతది ఒకసారి కొట్టమంటది. అడగండి సంపతన్నను."

సంపత్ గోడ వైపు చూస్తూ తల ఊపాడు. చేతన్ మామ వైపు చూశాడు, మామ ఎటూ చూడలేదు. తప్పక మళ్లీ కీబోర్డు మీదికి వంగాడు.

తలుపు దగ్గర నుంచి ఆ ముసలాయన గొంతు వచ్చింది, ముందు తెలుగులో, తర్వాత అందరికీ అర్థమయ్యేట్టు హిందీలో.

"జర గట్టిగ సదువు చేతన్ భాయ్. ఎనకున్నోళ్లకు ఇనవడ్తలేదు."